జలగండ శాస్త్రం

మనిషికి జలగండం ఉంటే జాతకంలో కనబడుతుంది. ఫోనుకు జాతకం ఉండదు, బిల్లు ఉంటుంది. అందులో పుట్టిన తేదీ, వెల, జీఎస్టీ తప్ప గండాల మాట ఉండదు. పూర్వులు ఏనుగుల రోగాల మీద గజశాస్త్రం రాశారు, గుర్రాల మీద అశ్వశాస్త్రం రాశారు, దొంగతనానికి సైతం చోరశాస్త్రం ఉందని చెప్పుకుంటారు. తడిసిన యంత్రం కోసం మాత్రం ఎవరూ ఘంటం పట్టలేదు. వానాకాలం సాయంత్రం హైటెక్ సిటీ మెట్రో పిల్లర్ల కింద లాప్‌టాప్ బ్యాగులను కడుపులో దాచుకుని నిలబడ్డ జనాన్ని చూస్తే ఈ లోటు ఎంతటిదో తెలుస్తుంది. పూడ్చడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు కనుక ఆ భారం మేము ఎత్తుకున్నాము.

శాస్త్రం అన్నాక ముందు దేశకాలాలు చెప్పాలి. దేశం సైబరాబాద్. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ అంటే ఎక్కువగా రాళ్లగుట్టలే. ఆ గుట్టల మీద పడిన వాన దుర్గం చెరువు వైపు, ఇంకా ఆ పక్క చెరువుల వైపు దిగిపోయేది. మధ్యలో అద్దాల మేడలు లేచాయని ఆ నీళ్లకు ఇప్పటికీ ఎవరూ మెయిల్ పెట్టలేదు. అవి పాత దారినే వస్తాయి, శిల్పారామం ముందు కాసేపు ఆగుతాయి, మైండ్‌స్పేస్ పరిసరాల్లో ఇంకాసేపు ఆగుతాయి, అక్కడున్నవారి ఎలక్ట్రానిక్ వస్తువులను పలకరించి పోతాయి.

కాలం జూన్ నుంచి అక్టోబరు దాకా. అందులోనూ లాగౌట్ వేళ విశేషం. 2023 జూలైలో వానలు ముదిరినప్పుడు సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఐటీ కంపెనీలను విడతలవారీగా లాగౌట్ చేయమన్నారు: ఐకియా నుంచి సైబర్ టవర్స్ వరకు ఉన్నవాళ్లు మధ్యాహ్నం 3 గంటలకు, ఐకియా నుంచి బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపు ఉన్నవాళ్లు 4:30కి. మబ్బులకు షిఫ్టులు వేయడం ఎవరి చేతా కాదు కనుక మనుషులకే వేశారు. 2020 అక్టోబరు 13 నాటి వాన గురించి వేరే చెప్పక్కర్లేదు. ఘట్‌కేసర్ దగ్గర సింగపూర్ టౌన్‌షిప్‌లో ఆ ఒక్కరోజే 32 సెంటీమీటర్లు కురిసింది. కరోనా పుణ్యమా అని కంపెనీల లాప్‌టాప్‌లన్నీ ఉద్యోగుల ఇళ్లలో కాపురం చేస్తున్న ఏడాది అది. ఈ శాస్త్రానికి పురావస్తు ఆధారాలేమైనా దొరికితే ఆ ఏడు మునిగిన సెల్లార్లలోనే దొరకాలి.

గండం ఏ రూపంలో వస్తుందన్నది తర్వాతి విచారణ. స్కూటీ మీద కాళ్ల దగ్గర పెట్టిన బ్యాగు మార్గగండం. వెనక జేబులో ఫోను ఉన్న సంగతి మరిచి బాత్రూమ్‌లో కూర్చోబోవడం శౌచగండం. దీని బారిన పడ్డవారెవరూ అసలు స్థలం చెప్పరు, 'బకెట్లో పడింది' అంటారు. మెకానిక్ కూడా మర్యాదస్తుడు, ఆరా తీయడు, గ్లవ్స్ తొడుక్కుంటాడు. ఇక ఆఫీసులో జరిగేది ద్రవగండం. దీన్ని అర్థం చేసుకోవడానికి పాశ్చాత్యుల ఆమ్లాలూ క్షారాలూ చాలవు, మన షడ్రసాలు కావాలి.

తీపి అంటే టీ. పంచదారలో కరెంటు పారదు కదా అని తార్కికులు అడ్డం తగులుతారు. నిజమే, పారదు. అయితే టీ ఆరాక అది పాకమై కీల కింద కూర్చుంటుంది, పాలలోని లవణాలు బోర్డు మీద తమ పని తాము చేసుకుంటాయి. ఉప్పు అన్నిట్లోకీ క్రూరం: మజ్జిగ, ఓఆర్ఎస్, జిమ్ముకు వెళ్లొచ్చినవారి చెమట. పులుపు నిమ్మరసంలోనూ సాంబారులోనూ ఉంటుంది, లోహాన్ని తినేస్తుంది. కారం నిర్దోషి. బిర్యానీ పక్కనుండే మిర్చీ కా సాలన్ ఒలికినప్పుడు మిరపకాయను తిట్టుకుంటాం గానీ హాని చేసేవి అందులోని ఉప్పూ చింతపండూ. చేదు, అంటే పంచదార లేని బ్లాక్ కాఫీ, ఉన్నంతలో సౌమ్యం. వగరు గ్రీన్ టీలో ఉంటుంది, దానికీ అంత కోపం లేదు. ఆరు రుచులూ ఒక్కసారే దండెత్తేది మాత్రం ఆఫీసులో ఎత్నిక్ డే పేరిట ఉగాది చేసి, పచ్చడి గ్లాసును కీబోర్డు పక్కన పెట్టిన రోజున. ఆ కేసు తీసుకోవద్దని శిష్యులకు మా సలహా.

ఐటీ హెల్ప్‌డెస్క్ టికెట్లో ఈ రసభేదాలేవీ కనబడవు. అందరూ ఒకే వాక్యం రాస్తారు: 'ఉన్నట్టుండి ఆగిపోయింది.' కౌంటర్లో ఉన్న కుర్రాడు లాప్‌టాప్ అందుకుని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. అల్లం వాసన.

ఇప్పుడు సిద్ధాంతం. నీళ్లు ఫోనును చంపవు. ఈ మాట విని పాఠకులు ఉలిక్కిపడతారని తెలుసు. కానీ సర్క్యూట్ బోర్డులు తయారయ్యే ఫ్యాక్టరీల్లోనే టంకం వేశాక మిగిలే మడ్డిని నీటితో కడిగే పద్ధతి ఉంది. అది లవణాలన్నీ తీసేసిన నీరు. పూర్తిగా శుద్ధమైన నీటి విశిష్ట నిరోధం 25 డిగ్రీల దగ్గర 18.2 మెగా ఓమ్-సెంటీమీటర్లు, అంటే కరెంటుకు దాదాపు గోడే. అటువంటి నీరు మాదాపూర్‌లో దొరకదన్నది వేరే సంగతి. ఇక్కడ కుళాయిలోకి వచ్చేది ఎప్పటినుంచో ఉన్న మంజీర, 2004లో వచ్చిన కృష్ణ, 2015లో వచ్చిన గోదావరి. ఇవి మూడూ చాలకపోతే ట్యాంకరెక్కి వచ్చే బోరు. త్రివేణీ స్నానం మనిషికి పుణ్యం గానీ మదర్‌బోర్డుకు కాదు. ఆ నీటిలోని లవణాలే కరెంటును మోసుకుపోతాయి.

అయినా మోయడానికి కరెంటంటూ ఉండాలి కదా? అసలు కీలకం అక్కడుంది. ఫోను బ్యాటరీ పూర్తిగా నిండితే సుమారు 4.2 నుంచి 4.4 వోల్టులు. చేతికి చురుక్కు కూడా అనదు. కానీ బోర్డు మీద ఆవగింజలో సగం దూరంలో ఉన్న రెండు లోహపు చుక్కల మధ్య తడి పొర ఉండి, వాటికి ఈ పాటి వోల్టేజి అందితే చాలు. ధన వైపున్న రాగి కరిగి నీళ్లలోకి దిగుతుంది, రుణ వైపుకు నడుస్తుంది, అక్కడ సన్నటి కొమ్మలుగా పేరుకుంటుంది. ఆ కొమ్మలు పెరిగి ఆవలి గట్టును తాకిన క్షణాన షార్టు. మిగిలింది పచ్చగా చిలుము పట్టి కూర్చుంటుంది. కరెంటు లేకపోతే ఈ నడక ఇంత జోరుగా సాగదు. నీళ్లు నీళ్లుగానే ఉంటాయి, వాటిని బయటకు రప్పించే వ్యవధి మనకుంటుంది.

మరి తడిసిన ఫోనులోకి కరెంటును పంపేది ఎవరు? యజమానే. నీళ్లలోంచి తీసి, చొక్కాకు తుడిచి, చుట్టూ చూసి, 'ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం' అంటాడు. దీన్ని మేము చూద్దాం-దోషం అని వ్యవహరిస్తాము. ఇందులో ఉపభేదాలున్నాయి. పవర్ బటన్ నొక్కడం సామాన్యం. పక్కవాడి ఫోను నుంచి రింగిచ్చి చూడడం మధ్యమం. చార్జర్ పెట్టడం మహాపాతకం. ఈ దోషం సైబరాబాద్‌లో ఎందుకింత ప్రబలిందో కూడా ఆలోచించాము. ఇక్కడివారికి రీస్టార్టు సర్వరోగ నివారిణి. సర్వర్ మొరాయిస్తే రీస్టార్టు, వైఫై మొరాయిస్తే రీస్టార్టు, లిఫ్ట్ ఆగినా మెయింటెనెన్స్ వాళ్లకు ఇచ్చే సలహా అదే. ఇన్ని వేల జీవితాలను నిలబెట్టిన మంత్రం తడిసిన ఫోను దగ్గర మృత్యుమంత్రం అవుతుందంటే నమ్మబుద్ధి కాదు. కాబట్టి శాస్త్రం మొత్తానికి ఒకటే సూత్రం పెట్టుకున్నాము. సంస్కృతంలో ఉంటే గానీ సూత్రానికి గౌరవం రాదు కనుక: 'ఆర్ద్రం న దీపయేత్'. తడిసినదాన్ని వెలిగించకు.

పూర్వం ఈ సూత్రాన్ని పాటించడం తేలిక. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచమంతా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. తడిస్తే వెనక మూత గోటితో ఊడదీసి, బ్యాటరీ తీసి, అన్నీ కిటికీలో పరిచి, మర్నాడు మళ్లీ పేర్చుకునేవాళ్లం. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీని జిగురుతో అంటించి గర్భగుడిలో పెట్టి తలుపులు వేశారు. చేయగలిగిందల్లా స్విచ్చాఫ్ చేసి, సిమ్ ట్రే తీసి, చార్జింగ్ రంధ్రం కిందికి పెట్టి అరచేతి మీద మెల్లగా తట్టి, గాలి తగిలేచోట ఉంచడం. లాప్‌టాప్ అయితే ఆపి, తీగలన్నీ పీకి, తెరిచిన పుస్తకాన్ని బోర్లించినట్టు గుడారంగా నిలబెట్టడం.

ఇంత చిన్న చికిత్స రుచించనివారు మతశాఖలు పెట్టారు. ఎండవాదులు డాబా మీద పెడతారు. జిగురూ బ్యాటరీ రెండూ ఆ వేడిని ఓర్వలేవు. హెయిర్ డ్రయ్యర్ వాదులు వేడిగాలితో నీటిని ఇంకా లోపలి గదుల్లోకి తోలతారు. ఫ్రిజ్ వాదులూ ఉన్నారు, వారితో మేము వాదించదలుచుకోలేదు. కొత్త బూట్ల డబ్బాల్లోని సిలికా పొట్లాలు పోగుచేసేవారు కాస్త మెరుగు, అయితే ఏళ్ల తరబడి సొరుగులో పడున్న పొట్లం ఎప్పుడో కడుపునిండా తేమ తాగి ఉంటుందని వారికి ఎవరూ చెప్పలేదు. వీరందరినీ కలిపినా తండులవాదుల సంఖ్యకు సరిరారు.

తండులవాదం అంటే ఫోనును బియ్యంలో పూడ్చడం. ఏ బియ్యంలో అన్నదానిపై ఈ శాఖలోనే తగాదాలున్నాయి. సంప్రదాయవాదులు బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, మనం సాంబా మసూరి అని పిలుచుకునేది, దానికే మొగ్గుతారు. రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనాకు ఓటేసే స్థానికవాదులున్నారు. హాస్టల్లో ఉండేవారికి ఎంపిక లేదు, మెస్సు డ్రమ్ములో ఏముంటే అదే. ఈ వాదాన్ని ఖండించడానికి మాకు వడ్లు కొనే ఐకేపీ కేంద్రం చాలు. వడ్ల తేమ 17 శాతం దాటితే కొనబోమని మీటరు గుచ్చి చెబుతారు, రైతు ఆ ఒక్క శాతం కోసం రోడ్డు మీద వడ్లు పరిచి రోజుల తరబడి కాపలా కాస్తాడు. మిల్లు ఆడి మన డబ్బాలోకి చేరిన బియ్యంలోనూ పన్నెండు, పద్నాలుగు శాతం తేమ ఉంటుంది. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, తన తడే తీర్చుకోలేని గింజ మీద ఫోను తడి బాధ్యత పెడుతున్నాం. పైగా తవుడు, పిండి, నూకలు చార్జింగ్ రంధ్రంలోకి దూరి, ఉన్న తడితో కలిసి గంజి కాస్తాయి. 2024 జనవరిలో ఆపిల్ సంస్థే తడిసిన ఐఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దని, గింజల రేణువులు దాన్ని పాడుచేయవచ్చని తన సూచనల్లో రాసింది. గాలిలో ఉంచమంది, పూర్తిగా ఆరడానికి 24 గంటల దాకా పట్టొచ్చంది.

అయితే బియ్యంలో పెట్టాక బతికిన ఫోన్ల మాటేమిటి? ప్రతి కుటుంబంలోనూ ఒక మేనమామ దగ్గర ఇటువంటి సాక్ష్యం ఉంటుంది, కాదనలేం. మా సమాధానం ఇది: బియ్యం తడిని పీల్చదు, యజమానిని ఆపుతుంది. డబ్బాలో నిలువెత్తు బియ్యం కింద ఉన్న ఫోనును రెండు రోజులు ఎవరూ ఆన్ చేయలేరు. చూద్దాం-దోషం తగలలేదు కనుక బతికింది. అదే పని బీరువా కూడా చేస్తుంది. తాళంచెవి అత్తగారి బొడ్లో ఉంటే ఫలితం ఇంకా గట్టిది.

శేషబియ్యం సంగతి కూడా తేల్చాలి. శౌచగండం ఫోనును ఉంచిన బియ్యం వండవచ్చా? వండకూడదు. వండుతున్నారా? మెస్సులో తినేవారు ఈ ప్రశ్న వేసుకోకపోవడం మంచిది.

ఆరబెట్టడంతో పని ముగిసిందనుకోవడం ఇంకో భ్రమ. నీరు ఆవిరైపోతుంది, అందులోని లవణం బోర్డు మీదే ఉండిపోతుంది. మళ్లీ ఆగస్టు తేమ తగలగానే అది చెమ్మగిల్లి చిలుము పని మొదలుపెడుతుంది. పదిహేను రోజులు బాగా పనిచేసి హఠాత్తుగా పోయిన ఫోన్ల రహస్యం ఇదే. అందుకే కడగాలి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్లోనో, అయ్యప్ప సొసైటీ సందుల్లోనో మైక్రోస్కోపు ముందు కూర్చునే పనివాడి దగ్గరికి పోవాలి. అక్కడ ముందు విచారణ జరుగుతుంది.

"అన్నా, నీళ్లల్ల వడ్డంక ఆన్ చేసిన్రా?"

"చెయ్యలే భాయ్."

"చార్జింగ్ వెట్టిన్రా?"

"ఒక్కసారే... వస్తదేమోనని."

పనివాడు పైకి చూడడు. సన్నటి సూదితో సిమ్ ట్రే తీసి, ఆ గాడిలోకి టార్చి వేసి తెల్ల స్టిక్కరు చూస్తాడు. నీరు తగిలితే అది ఎర్రబారుతుంది. ఈ బొట్టు సౌభాగ్య చిహ్నం కాదు, వారంటీ వైధవ్యం. ఐపీ68 అని డబ్బా మీద రాసుందని మీరు అంటారు. ఆ అంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. చివర 7 ఉంటే మీటరు లోతున అరగంట, 8 ఉంటే అంతకు మించి కంపెనీ చెప్పినంత. పరీక్ష జరిగేది కొత్త ఫోనుతో, మంచినీటితో. రెండేళ్లు వాడి, రెండుసార్లు కింద పడేసి, అంచుల జిగురు సడలిన ఫోనుతో, గచ్చిబౌలి వరద నీటితో కాదు. మునిగినా ఏమీ కాదనే ప్రకటనా, మునిగితే మాకు సంబంధం లేదనే షరతూ ఒకే డబ్బాలో ఒద్దికగా ఉంటాయి. అద్వైతం అంటే ఇదేనేమో.

తర్వాత రెండో ప్రశ్న: "రిపేరా, డేటానా?" ఇది చిన్న ప్రశ్న కాదు. ఇప్పటి ఫోన్లలో ఫొటోలు గూఢలిపిలో ఉంటాయి, వాటి తాళం ఆ బోర్డు మీది ప్రాసెసర్ దగ్గరే ఉంటుంది. మెమరీ చిప్పు ఊడబెరికి వేరే ఫోనులో పెడితే అర్థంలేని అంకెలే వస్తాయి. కనుక పాప మొదటి పుట్టినరోజు కావాలంటే ఆ బోర్డుకే ఒక్క పూట ప్రాణం పోయాలి. తెర వెలగకపోయినా ఫరవాలేదు, గుండె కొట్టుకుంటే చాలు.

వేడి పలక మీద వెనక అద్దం జిగురు కరుగుతుంది. మరలన్నీ ఏ గడిలోది ఆ గడిలో అయస్కాంతపు చాప మీదికి చేరతాయి. వేడిగాలి గొట్టంతో లోహపు మూతలు లేపితే కింద చిలుము కనబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, పళ్ల బ్రష్షుతో రుద్దుతాడు. ఈ ద్రవం మురికిని వదిలించి, తాను ఏమీ మిగల్చకుండా ఎగిరిపోతుంది. చిప్పుల కింద బ్రష్షు దూరని చోట్లకు అల్ట్రాసోనిక్ తొట్టె ఉంది. అయినా షార్టు పోకపోతే అసలు విద్య బయటకు తీస్తాడు. వేడి సోల్డరింగ్ ఐరన్ మొనను పైన్ చెట్టు బంకకు తాకించి ఆ పొగను బోర్డుకు పట్టిస్తాడు. బోర్డంతా తెల్లటి నుసి కప్పుకుంటుంది. తక్కువ వోల్టేజి ఎక్కించగానే తప్పు చేసిన కెపాసిటర్ ఒక్కటే వేడెక్కి, దాని మీది నుసి కరిగి నల్లటి చుక్క బయటపడుతుంది. శుక్రవారం ఇంట్లో సాంబ్రాణి వేసేవాళ్లకు ఈ దృశ్యం చూస్తే చేతులు వాటంతటవే జోడించబుద్ధేస్తుంది. ఆ కెపాసిటర్ను పట్టకారుతో పీకేస్తాడు. కొన్నిసార్లు అది లేకపోయినా ఫోను నడుస్తుంది. ఎందుకు పెట్టారో ఆ డిజైనరుకే తెలియాలి.

ఆయుర్వేదం రోగాలను సాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని విభజించింది. మాకు అందులో యాప్యం అంటేనే మక్కువ. నయం కాదు, పథ్యం ఉన్నంతకాలం ప్రాణం ఉంటుంది. చార్జర్ పిన్నును ఎడమకు వంచి, రబ్బరు బ్యాండు వేసి, పక్కన అగ్గిపెట్టె ఆనిస్తే గానీ ఎక్కని ఫోను యాప్యం. స్పీకర్లో అవతలివాళ్లు బావిలోంచి మాట్లాడుతున్నట్టున్నా 'వినబడుతోంది కదా' అని మూడేళ్లు లాగే ఫోను యాప్యం. ఆంధ్రదేశంలోనూ తెలంగాణలోనూ నాన్నల చేతుల్లో ఉన్న ఫోన్లలో చాలాభాగం ఈ కోవకే చెందుతాయి. పిల్లలు కొత్తది కొనిస్తే దాన్ని డబ్బాలో పెట్టి దీన్నే వాడతారు.

ఇతర గండాలను క్లుప్తంగా ముగిస్తాము. కింద పడడం పతనగండం. తెర, టచ్ కలిసిన కాంబో మార్చడంతో పోతుంది, ధర విన్నాక వచ్చేది మరో రోగం. బ్యాటరీ ఉబ్బడం అగ్నిగండానికి పూర్వరూపం. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచిందంటే కింద బ్యాటరీ కడుపు పెరిగిందని అర్థం. నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగు పెట్టకూడదు, తీసుకెళ్లి ఇచ్చేయాలి. ఇక్కడ హాస్యానికి చోటు లేదు.

అసాధ్యమైనవాటి ఉత్తరక్రియలు మిగిలాయి. చర్లపల్లిలోని సీ-మెట్ సంస్థ ఈ-వ్యర్థాల బోర్డుల నుంచి లోహాలు రాబట్టే పద్ధతుల మీద పనిచేస్తోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు ఉత్పత్తిదారుల మీదే బాధ్యత పెట్టాయి. చచ్చిన ఫోన్లు మాత్రం అటు వెళ్లవు. టీవీ కింది సొరుగులో పాత చార్జర్లతో పాటు ఏళ్ల తరబడి పడుంటాయి. చివరికి ఒకనాడు మైకు కట్టిన బండి వీధిలోకి వస్తుంది: పాత ఫోన్లు, ఖరాబైన ఫోన్లు, పగిలిన ఫోన్లు కొంటాం. ఒక ప్లాస్టిక్ టబ్బు చేతికొస్తుంది, సొరుగు ఖాళీ అవుతుంది.

అక్కడితో కథ ముగియదని 2024 ఆగస్టులో తెలిసింది. గోదావరిఖనిలో రామగుండం పోలీసులు బీహార్‌కు చెందిన ముగ్గురిని పట్టుకున్నారు. వారి దగ్గర సుమారు నాలుగు వేల పాత ఫోన్లు దొరికాయి. ఊరూరా తిరిగి పోగుచేసినవి. బాగుచేసి జామ్‌తాడా వైపు సైబర్ నేరగాళ్లకు చేరవేస్తారని పోలీసులు చెప్పారు. అంటే మనం బియ్యంలో పెట్టి, ఎండలో పెట్టి, రింగిచ్చి, చార్జింగు పెట్టి, ఆశ వదిలేసుకున్న దానికి అక్కడెవరో ఓపిగ్గా చిలుము గీకి ప్రాణం పోస్తున్నారు. ఈసారి తెలియని నంబరు నుంచి కేవైసీ గడువు ముగిసిందని, ఓటీపీ చెప్పమని ఫోను వస్తే ఒక్క క్షణం ఆగి వినండి. అవతలి గొంతు బావిలోంచి వస్తున్నట్టుంటే అది మీ పాత ఫోనే కావచ్చు.